గార్డుగారి పక్క సీటు

కొట్టు,
మధ్యాహ్నం, బేరాలు లేని వేళ

మరదలా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు. మీ అన్నయ్యా నేనూ ఓడెక్కుతున్నాం!

ఏడాదంతా ఎక్కువ సరుకు అమ్మిన కొట్లకి జిప్పుల కంపెనీవాళ్ళు బహుమతులిస్తారని చెప్పాను కదా. పోయినేడు గొడుగిచ్చారు, తెరిస్తే మూసుకోదు. ఈసారీ అలాంటిదే ఏదో అంటగడతారనుకుని కవరు చింపితే ఇద్దరికి ఓడ ప్రయాణం. పద్దెనిమిది రోజులు. తీరం వెంబడి పైదాకా వెళ్ళి, మళ్ళీ అదే దారిన వెనక్కి. గుండీలూ దారాలూ అమ్ముకునేదానికి ఇంత యోగమా అని ఎదురుకొట్టు టైలరు మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే మానె, దారాలు ఎక్కడ కొంటాడో చూస్తాను.

ఓడ సంగతి అలా ఉంచు. వాళ్ళిచ్చిన కాగితంలో ఆరో రోజు దగ్గర "కొండ రైలు" అని ఉంది. పొద్దున్నే రేవులో దించి చిన్న రైలెక్కిస్తారట. మూడే బోగీలు. కొండ చుట్టూ తిరుగుతూ మంచుదాకా వెళ్ళి, సాయంత్రం అయిదింటికి ఓడ కదిలేలోగా దించేస్తుందట. టిక్కెట్లు కూడా ఉన్నాయి. రెండో బోగీ, సీట్లు ముప్పై ఒకటి, ముప్పై రెండు. పక్కపక్కనే.

నా బాధ నీకు తెలియంది కాదు. పెళ్ళయి ముప్పై మూడేళ్ళు. గార్డు పెళ్ళాన్నన్న మాటే గానీ, ఇద్దరం ఒకే రైల్లో వెళ్ళింది పదకొండుసార్లు. పదకొండుసార్లూ నేను మధ్య బోగీలో, ఆయన చివరి బోగీలో. పెళ్ళయ్యాక మొదటి ప్రయాణం కూడా అంతే. ఆ రోజు రావలసిన గార్డుకి జ్వరమొచ్చిందని, కొత్త బట్టలమీదే జెండాలు చంకన పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు. టిక్కెట్టు తీసేదీ ఆయనే, ఎప్పుడు చూసినా నాకు ఎండ కొట్టే వైపు కిటికీయే. ఇన్ని ప్రయాణాల్లో నా భుజం మీద పడి నిద్రపోయిన పరాయివాళ్ళు ఆరుగురు. కట్టుకున్నవాడు ఒక్కసారి కూడా కాదు. నువ్వు స్టేషన్‌కి వస్తే ముందు మధ్య బోగీకి పరుగెత్తి నన్ను దించుకుని, మళ్ళీ చివరికి పరుగెత్తి మీ అన్నయ్యను పలకరించేదానివి, గుర్తుందా?

ఇప్పుడాయన రిటైరై ఎనిమిది నెలలు. నాకు ఒక్కటే కోరిక. రైలు కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా మీ అన్నయ్య నా పక్క సీట్లో కూర్చోవాలి. అందుకే షరతు పెట్టాను: ఈల ఇంట్లోనే ఉండాలి. ఈ మధ్య ఇంటికొచ్చిన చుట్టాలు వెళ్తుంటే వాళ్ళ బండికి కూడా ఈల ఊది పంపిస్తున్నారు. ఊదకముందే బండి కదిలితే కోపం. సరేనని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు.

నువ్వు సెలవు పెట్టి వచ్చి ఇల్లూ కొట్టూ పిల్లినీ చూసుకోవాలి. కాదన్నావో, నీకూ ఆ గొడుగే ఇస్తాను.

నీ వదిన


పోస్టాఫీసు,
మూడో కౌంటరు

వదినా,

కౌంటర్లో నిలబడే చదివాను, పడలేదు. కానీ ఎగిరి గంతేశాను, ముద్ర జారి ఒక పెద్దాయన చేతి మీద పడింది. ఆయన ఇప్పుడు ఏ ఊరికైనా వెళ్ళచ్చు.

తప్పకుండా వస్తాను. పిల్లిని చూసుకుంటాను, టైలరుని కూడా చూసుకుంటాను. నీకు కబుర్లు రాస్తూనే ఉంటాను. నేను నా చేత్తో ముద్ర వేసి మొదటి సంచీలో పడేస్తే మూడో రోజుకి ఏ రేవులో ఉన్నా నీకు అందాల్సిందే.

ఈల మాటే కొంచెం ఆలోచించు వదినా. ముప్పై నాలుగేళ్ళు జేబులో ఉన్నదాన్ని ఒక్కసారిగా లాగేస్తే ఎలా? ఆడపడుచు అర్ధమొగుడన్నారు. కాబట్టి నీ సగం మొగుడిగా అడుగుతున్నాను, ఊదనని ఒట్టేయించుకుని దగ్గర ఉంచుకోనివ్వరాదా? వద్దంటే వద్దులే, నేను మళ్ళీ ఎత్తను.

కొండ మీద చలిగా ఉంటుందని అన్నయ్యకు మఫ్లర్ అల్లుతున్నాను. మీరు బయలుదేరే రోజు ఇచ్చేస్తాను. దానికి నీ కొట్లోంచి ఒక గుండీ తీసుకుంటాను. మఫ్లర్‌కి గుండీ ఎందుకని అడగకు. కొత్త ఫ్యాషను.

నీ మరదలు


ఓడ, నాలుగో అంతస్తు, గది 417,
మూడో రోజు

మరదలా,

ఓడంటే ఓడ కాదు, నీటి మీద తేలే ఊరు. మెట్లెక్కి దిగి మోకాళ్ళు అరిగిపోయాయి. మూడు పూటలా తినమంటారు, మధ్యలో ఖాళీగా ఉన్నారని మళ్ళీ తినమంటారు. ఇక్కడ పనివాళ్ళ చొక్కాలకి ఆరు గుండీలు, ఆరూ నాసిరకం. నేనే దగ్గర కూర్చోబెట్టుకుని ముగ్గురికి కుట్టి పెట్టాను.

మీ అన్నయ్య సంగతి విను. ఎక్కిన పది నిమిషాలకే కనిపించలేదు. వెతికి వెతికి చూస్తే ఓడ చిట్టచివర రెయిలింగు పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఇక్కడేం చేస్తున్నారు?" అన్నాను. "ఓడకి గార్డు లేడే" అన్నారు, దిగులుగా. బయలుదేరడం నాలుగు నిమిషాలు లేటయిందని కెప్టెన్‌కి చీటీ రాసి పంపారు. కెప్టెన్ మర్యాదస్తుడు, "క్షమించండి" అని బదులు రాశాడు. అప్పటినుంచి మీ అన్నయ్య కాలు నేల మీద ఆనటం లేదు.

ఆ సాయంత్రమే ఇంకో గండం. ఓడ మునిగితే ఏం చేయాలో నేర్పుతామని అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగారు. ఒక్కో జాకెట్‌కి ఒక్కో ఈల కట్టి ఉంది! మీ అన్నయ్య దాన్ని చూసిన చూపు నువ్వు చూడాలి, తప్పిపోయిన చుట్టం కనిపించినట్టు. గదికి రాగానే రెండు జాకెట్లూ అలమార మీదకు తోసి అడ్డంగా సూట్‌కేసు పెట్టాను. మునిగితే మునుగుతాం, ఈల మాత్రం ఊదనివ్వను.

ఆయన పెట్టె, బూట్లు, మాత్రల డబ్బా అన్నీ వెతికాను. ఈల లేదు. నిజంగానే ఇంట్లో వదిలేశారు, పాపం. కాకపోతే నువ్విచ్చిన మఫ్లర్ మెడమీదనుంచి తీయడం లేదు. మాడు పగిలే ఎండలో కూడా అదే. చెమటలు కారుతున్నాయి, తీయమంటే "చెల్లెలు అల్లింది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అన్నాచెల్లెళ్ళ ప్రేమ ఇంత ఉందని నాకు తెలియదు.

ఇంకో మూడు రోజులే. ముప్పై ఒకటి, ముప్పై రెండు. కొత్త పెళ్ళికూతురిలా ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను, నవ్వకు.

నీ వదిన


మీ ఇల్లు,
వంటింటి బల్ల దగ్గర

వదినా,

అన్నయ్య ఇల్లు అప్పగించి వెళ్ళాడా, జంక్షను అప్పగించి వెళ్ళాడా? గోడమీద టైంటేబుల్ అంటించాడు. "6.10 పాలు రాక. 6.25 గూడ్సు బయలుదేరును. 7.05 మొక్కలకు నీరు, రెండు నిమిషాలు ఆగును." గూడ్సు ఎవరా అని బుర్ర బద్దలుకొట్టుకున్నాను. మీ పిల్లి! మెల్లిగా నడుస్తుంది కదా. నిజంగానే 6.25కి తలుపు దగ్గర కూర్చుంది. 6.27కి తలుపు తీశానని నా వంక చూసిన చూపుంది చూశావూ, అచ్చం అన్నయ్యే.

కొట్టు బాగానే నడుస్తోంది. టైలరు వచ్చి తెల్లదారం తీసుకుని, నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. ముఖం మాత్రం మాడ్చుకునే చెప్పాడు.

మఫ్లర్ ఉతకాలని మాత్రం చూడకు వదినా. ఉన్ని కుంచించుకుపోతుంది. పిండనూ కూడదు. అసలు ముట్టుకోకపోవడమే మంచిది. ఎందుకంటావా, ఏమీ లేదు, ఊరికే.

నీ మరదలు


ఓడ, గది 417,
ఆరో రోజు, తలుపు గడియ పెట్టుకుని

శ్రీమతి మూడో కౌంటరు గుమస్తాగారికి,

తమరు అల్లిన మఫ్లర్ అందినది. అందులోని వస్తువు కూడా అందినది. కొండ మొత్తానికీ అందినది.

మఫ్లర్ చివర చిన్న జేబు. జేబుకి గుండీ. ముదురు గోధుమరంగు, నాలుగు కన్నాలు, మా కొట్లో కిటికీ పక్క అరలో పదిహేనో డబ్బా. మా కొట్టు గుండీతోనే మా కొంప ముంచావు కదటే! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ముట్టుకోకు ముట్టుకోకు అని ఉత్తరం కూడానూ. అది నిన్న చేరింది. చదివి కూడా కనిపెట్టలేకపోయిన నా తెలివికి చెప్పు తీసుకుని కొట్టుకోవాలి.

జరిగింది చెబుతాను, విను. రైలు బయలుదేరింది. ముప్పై ఒకటిలో నేను, ముప్పై రెండులో మీ అన్నయ్య. లోయ, సొరంగం, మళ్ళీ లోయ. నేను చెయ్యి పట్టుకున్నాను, పట్టుకోనిచ్చారు. కానీ మనిషి కుదురుగా ఉంటేనా? వంపు తిరిగినప్పుడల్లా తల వెనక్కి తిప్పి చివరి బోగీ వైపు చూడటమే. "నా వైపు చూడండి" అంటే ఒకసారి చూసి మళ్ళీ వెనక్కి. అలా ఇరవై రెండు నిమిషాలు. అంతే నా భాగ్యం.

ఒక జలపాతం దగ్గర ఫోటోలకని పది నిమిషాలు ఆపారు. దిగాం. గాలికి ఎగిరిపోతోందని నా ఆకుపచ్చ శాలువా ఆయన చేతికిచ్చి, నీళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఆ రైలుకి గార్డు ఒక అమ్మాయి, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలట. కొత్త పెళ్ళిజంట ఫోటో తీసిపెట్టమంటే పాపం తీసిపెడుతోంది. పది నిమిషాలయింది. పదకొండయింది. మీ అన్నయ్య గడియారం చూసుకున్నారు. పదకొండున్నరయింది.

అంతే. ఏం పూనిందో, గుండీ ఊడింది, ఈల నోట్లోకి వెళ్ళింది. పొడుగ్గా ఒక్క ఊదు! ఆ వెంటనే నా ఆకుపచ్చ శాలువా బారుగా చాచి ఊపారు. నీటితుంపర్లలో ఇంజను డ్రైవరుకి మనిషి ఏం కనిపిస్తాడు, పచ్చరంగు కనిపించింది. రైలు కదిలింది. మీ అన్నయ్య ముప్పై నాలుగేళ్ళ అలవాటుగా పరుగెత్తి, చివరి బోగీ మెట్టు మీదకి గెంతారు. అరవై ఏళ్ళ మనిషి, లేడిపిల్లలా.

నేల మీద మిగిలింది గార్డమ్మాయితో కలిపి ఇరవై ఒక్కరం. మలుపు తిరిగేదాకా ఆయన మా వైపు చూస్తూ శాలువా ఊపుతూనే ఉన్నారు. అంతా సవ్యంగా ఉందని చెప్పడానికి! పన్నెండోసారి, మరదలా. పన్నెండోసారి కూడా ఆయన చివరి బోగీలో, నేను ఇంకెక్కడో.

పెళ్ళికొడుకు నన్నడిగాడు, "ఆయన మీకు తెలుసా అండీ?" అని. "తెలియదు" అని చెప్పాను.

అవతలి స్టేషన్‌లో తలలు లెక్కపెడితే ఇరవై ఒకటి తగ్గాయట. అప్పుడు తెలిసొచ్చింది. రైలుని వెనక్కి నడిపించుకుని వచ్చేసరికి రెండు గంటలు. ఇక పైకి వెళ్ళే వేళ లేదని అందరినీ కిందకి దించేశారు. ఎవరూ మంచు చూడలేదు. రేవుకి చేరేసరికి అయిదూ ముప్పై అయిదు. ఇంతమంది లేకుండా ఎలా కదలాలని ఓడ ఆగి ఉంది. మెట్ల దగ్గర కెప్టెన్ నిలబడి, మీ అన్నయ్య వంక చూసి, గడియారం వంక చూశాడు. "ముప్పై అయిదు నిమిషాలండీ" అన్నాడు. మీ అన్నయ్య తల అంత కిందకి వాలడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ గార్డమ్మాయి ఏడుస్తూనే ఉంది. విచారణ పెడతారట, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. ఓడ తిరుగుదారిలో ఇదే రేవులో ఆగినప్పుడు ఈయన్నీ రమ్మన్నారు. దిగుతున్నంతసేపూ నేను ముప్పై ఒకటిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. ఆయన నా పక్కకు రావడానికి మొహం చెల్లక వెనకే నిలబడ్డారు.

ఈల ఇప్పుడు నా సంచీలో ఉంది. నేను ఆయనతో మాట్లాడటం లేదు. నీతో కూడా. ఇది ఉత్తరం కాదు, ఫిర్యాదు.

ఇట్లు,
ముప్పై ఒకటో నంబరు సీటు


మీ కొట్టు,
షట్టరు సగం దించి

వదినా,

తిట్టు. చాలకపోతే వచ్చాక కూడా తిట్టు. ఈల నేనే పెట్టాను, అన్నయ్య అడగలేదు. అన్నయ్యకు ఒట్టు తప్పే ధైర్యం లేదు, నాకే ఉంది. ఆ అమ్మాయి సంగతి చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. విచారణలో నా పేరు కూడా చెప్పమను. నా అడ్రసు రాసిమ్మను.

ఎందుకు పెట్టానో చెబుతాను. మీరు బయలుదేరే ముందు వారం అన్నయ్య పోస్టాఫీసుకి వచ్చాడు. ఏమీ పంపేది లేదు, ఊరికే బల్ల మీద కూర్చున్నాడు. చెయ్యి మాటిమాటికీ చొక్కా జేబు మీదకి వెళ్తోంది. "ఏంటన్నయ్యా?" అంటే, "మీ వదిన పక్కన కూర్చోమంటోందే. భయంగా ఉంది" అన్నాడు.

నేను నవ్వాను. అన్నయ్య నవ్వలేదు. "చివరి బోగీలో ఉంటే వంపు తిరిగినప్పుడల్లా రైలంతా కనిపిస్తుంది. మీ వదినకి ఎప్పుడూ వంపు లోపలి వైపు కిటికీయే తీసేవాణ్ణి. మధ్య బోగీలో తన చెయ్యి కనిపించేది, గాజులతో. ఆ చెయ్యి కనిపిస్తే అంతా బాగున్నట్టే. పక్కన కూర్చుంటే ఇంక ఎటు చూడాలో నాకు తెలియదు" అన్నాడు.

నీకది ఎండ కొట్టే వైపు, వదినా. ఎండ కాదు, వంపు.

నీకు చెప్పవద్దన్నాడు. "ఇన్నేళ్ళ తర్వాత చెబితే నవ్వుతుంది" అన్నాడు. నేను నోట్లో నువ్వుగింజ నానని మనిషిననే కదా మీ ఇద్దరి నమ్మకం. ఇన్నాళ్ళు దాచడమే గొప్ప. జేబులో ఏదో ఒకటి చేతికి తగిలితే ధైర్యంగా కూర్చుంటాడనుకున్నాను గానీ ఊదుతాడనుకోలేదు. మన్నించు.

గూడ్సు క్షేమం. 6.25కే బయలుదేరుతోంది.

నీ మరదలు


ఓడ, గది 417,
పద్నాలుగో రోజు

మరదలు పిల్లా,

నీ ఉత్తరం చదివి, గంటసేపు బాత్‌రూంలో కూర్చుని ఏడ్చాను. మీ అన్నయ్య తలుపు బయట నిలబడి "ఏమైంది, ఏమైంది" అంటూనే ఉన్నారు. నేను చెప్పలేదు. ఆయన ముప్పై మూడేళ్ళు చెప్పలేదు, నేను రెండు రోజులైనా చెప్పకుండా ఉండలేనా?

నిన్న మళ్ళీ ఆ రేవు. విచారణ చేసే ఆఫీసరుకి బట్టతల, బల్ల నిండా ఫైళ్ళు. కోటు మూడో గుండీ వేలాడుతోంది, నా కళ్ళు దాని మీదే. గార్డమ్మాయి ఒక మూల నిలబడింది. "ఈల ఎవరు ఊదారు?" అన్నాడు. "నేనండీ" అన్నారు మీ అన్నయ్య. "ఎందుకు?" "ఒకటిన్నర నిమిషం లేటయిందండీ." ఆఫీసరు పెన్ను కింద పెట్టేశాడు.

అప్పుడు మీ అన్నయ్య జేబులోంచి నాలుగు కాగితాలు తీశారు. నేను మాట్లాడకుండా ఉన్న రోజులన్నీ కూర్చుని రాసిందట. తప్పంతా తనదేనని, అమ్మాయి తప్పు ఒకటిన్నర నిమిషమేనని, తాను చేరిన కొత్తలో ఒక స్టేషన్‌మాస్టరుగారి అత్తగారిని ఫ్లాట్‌ఫారం మీద వదిలేసి వెళ్ళిపోయానని, అయినా తన ఉద్యోగం తీయలేదని. ఆ అత్తగారి సంగతి నాకే తెలియదు! ఆఫీసరు చదువుతూ చదువుతూ మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి.

అమ్మాయికి హెచ్చరికతో సరిపెట్టారు. మీ అన్నయ్యతో మాత్రం "ఈ కొండ మీద ఇక ఈల ముట్టను" అని సంతకం చేయించుకున్నారు. నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను. అందులో నా పేరు లేదు. వచ్చేముందు ఆఫీసరు కోటు విప్పించి మూడో గుండీ గట్టిగా కుట్టి మరీ వచ్చాను.

పోయినసారి మంచు చూపించలేదు కాబట్టి అందరినీ మళ్ళీ ఎక్కించారు. అందరూ మీ అన్నయ్య చేతుల వంకే చూస్తున్నారు. ఆ అమ్మాయి మా దగ్గరకొచ్చి, "నా బోగీలో బల్ల మీద ఇద్దరికి చోటుంది, రండి" అంది. మీ అన్నయ్య నా వంక చూశారు. "పదండి" అన్నాను. ముప్పై ఒకటీ ముప్పై రెండూ ఎవరికి కావాలి!

చివరి బోగీలో పక్కపక్కన కూర్చున్నాం. మొదటి వంపు వచ్చింది. రైలంతా విల్లులా వంగి కళ్ళ ముందుకొచ్చింది. రెండో బోగీ కిటికీలో ఎవరిదో చెయ్యి. మొహం లేదు, చెయ్యే. మనిషి ఉందని తెలియడానికి అది చాలు.

"అలా కనిపించేదాన్నా?" అన్నాను.

మీ అన్నయ్య ఉలిక్కిపడ్డారు. చెయ్యి చొక్కా జేబు మీదకి వెళ్ళింది. "చెల్లెలు చెప్పిందా?" అన్నారు.

"ముప్పై మూడేళ్ళూ మీరెందుకు చెప్పలేదు?"

"డ్యూటీలో ఉన్నాను కదా."

ఏం చేయను చెప్పు, ఈ మనిషిని? నా చెయ్యి తీసి ఆయన మోకాలి మీద పెట్టాను, గాజులతో సహా. ఆయన అటూ ఇటూ చూడటం మానేశారు.

జలపాతం దగ్గర ఆపారు. పెళ్ళికొడుకు బోగీ దిగితే ఒట్టు, పెళ్ళాం చెయ్యి పట్టుకుని లోపలే కూర్చున్నాడు. పది నిమిషాలకి అమ్మాయి తలలు లెక్కపెట్టింది, మీ అన్నయ్య విడిగా లెక్కపెట్టారు, రెండూ సరిపోయాయి. అమ్మాయి జెండా తీసి, నా వంక తిరిగి కళ్ళు చికిలించి నవ్వింది. నేను సంచీలోంచి ఈల తీశాను. మొదటిసారి ఉత్త గాలే వచ్చింది. రెండోసారి కొండ మార్మోగింది. రైలు కదిలింది! మరదలా, ఇంత సుఖం ఉంటుందని తెలిస్తే ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టేదాన్నే కాదు. "పదిహేను సెకన్లు ముందే ఊదావు" అన్నారు మీ అన్నయ్య. అననీ.

మంచు చూశాం. తెల్లగా ఉంది. దాని గురించి రాయడానికి ఏమీ లేదు, ఎందుకంటే దిగేటప్పుడు అంతకంటే గొప్పది జరిగింది. మూడో సొరంగం దాటేసరికి మీ అన్నయ్య నా భుజం మీద పడి నిద్రపోయారు. ఏడో మనిషి. గురక కూడా పెట్టారు. రేవు వచ్చేదాకా నేను కదల్లేదు. అయిదింటికి పది నిమిషాల ముందే చేరాం. కెప్టెన్ మెట్ల దగ్గర నిలబడి మాకు సెల్యూట్ చేశాడు.

నాలుగు రోజుల్లో ఓడ దిగి, అక్కణ్ణుంచి రైల్లో వస్తున్నాం. ఆయన టిక్కెట్లు తీశారు, వంపు వైపు. ఈల నా దగ్గరే ఉంటుంది, అడిగితే ఇస్తాను, కానీ అడగాలి. నువ్వు ఎలాగూ స్టేషన్‌కి వస్తావు కదా. ఈసారి తాపీగా నడిచి రా. రెండు చోట్లకి పరుగెత్తక్కర్లేదు.

నీ వదిన